బలవంతపు ప్రమాణం, ఈవ్‌షామ్ యుద్ధం

బలవంతాన చేయించిన ప్రమాణం చెల్లుతుందా? ఈ ప్రశ్న పుస్తకాల్లో మాత్రమే ఉండేది కాదు. అన్నదమ్ముల పంపకాల్లో, పెద్దమనుషుల పంచాయితీలో, పెళ్ళి మాటల్లో, అప్పు నోటు మీద వేలిముద్ర వేయించుకునే చోట ఇది మన ఇళ్ళలోకే నడిచి వస్తుంది. “నలుగురూ చుట్టూ నిలబడి అనిపించారు, నేను మనసారా అనలేదు” అంటారొకరు. “ఎలా అన్నా దేవుని పేర అన్నావు గదా” అంటారు మరొకరు. విన్నవారికి ఇద్దరి మాటా సబబుగానే తోస్తుంది. చివరకు ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నెగ్గుతుంది.

పరిశుద్ధ గ్రంథం కూడా దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పదు. గిబియోనీయులు చిరిగిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు చూపించి, తాము దూరదేశస్థులమని నమ్మించి, యెహోషువ చేత ప్రమాణం చేయించుకున్నారు. మోసం మూడు రోజుల్లోనే బయటపడింది. అయినా ఇశ్రాయేలు పెద్దలు ఆ మాట తప్పలేదు. తరువాతి కాలంలో సౌలు తప్పినందుకు దేశం మూడేండ్లు కరువు అనుభవించింది. మరోవైపు హేరోదును చూడండి. పుట్టినరోజు విందులో ఎవరి బలవంతమూ లేకుండా మాట ఇచ్చాడు, అతిథుల ముందు పరువు పోతుందని దానిని నిలబెట్టుకున్నాడు, స్నాపక యోహాను శిరస్సు పళ్ళెంలోకి వచ్చింది. మోసంతో పుట్టిన ప్రమాణమేమో నిలబెట్టుకోవలసినది అయింది. స్వేచ్ఛగా చేసినదేమో తప్పవలసినది అయింది. కాబట్టి ప్రమాణం ఎలా పుట్టిందన్న దానిని బట్టి మాత్రమే తీర్పు చెప్పలేము.

ఈ ప్రశ్న మీదనే ఒక దేశం రెండుగా చీలి కత్తులు దూసిన సందర్భం చరిత్రలో ఉంది. ఇంగ్లండు దేశంలో 1265 ఆగస్టు 4న, మంగళవారం నాడు, ఈవ్‌షామ్ అనే చిన్న పట్టణం దగ్గర రాజు పక్షానికి, తిరుగుబాటు చేసిన సామంతులకు మధ్య యుద్ధం జరిగింది. కొన్ని గంటల్లోనే ముగిసింది. దానిని ఇంగ్లీషు పార్లమెంటు పుట్టుక కథలో ఒక ఘట్టంగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సరే. అయితే ఆ యుద్ధానికి ముందు జరిగిన ఏడేండ్ల కథ నిండా ప్రమాణాలే. చేసినవి, విడిపించుకున్నవి, తప్పినవి, మళ్ళీ చేసినవి. మన కతోలిక కుటుంబాలు తెలుసుకోదగ్గ భాగం అదే.

మూడవ హెన్రీ తొమ్మిదేండ్ల వయసులో 1216లో రాజయ్యాడు. దుర్మార్గుడు కాడు. భక్తిపరుడు. వెస్ట్‌మినిస్టర్ దేవాలయాన్ని తిరిగి కట్టించింది ఆయనే. ఆయన ఇంట రోజూ వందమందికి పైగా పేదలు భోజనం చేసేవారు. కాని మాట మీద నిలిచే మనిషి కాడు. 1253లో వెస్ట్‌మినిస్టర్ మందిరంలో మేత్రాణులందరూ వెలుగుతున్న కొవ్వొత్తులు చేతబట్టుకుని, ప్రజల హక్కుల పత్రాన్ని మీరేవారందరినీ శ్రీసభ నుండి వెలివేస్తున్నామని ప్రకటించి, ఆ వత్తులను నేలకు కొట్టి ఆర్పారు. రాజు గుండె మీద చెయ్యి వేసుకుని, మనిషిగా, క్రైస్తవుడిగా, యోధుడిగా, అభిషేకం పొందిన రాజుగా ఆ పత్రాన్ని పాటిస్తానని ప్రమాణం చేశాడు. ఆ సభ అందుకు బదులుగా ఆయనకు పన్ను మంజూరు చేసింది. పన్ను వసూలయింది. ప్రమాణం సంగతి అంత జాగ్రత్తగా వసూలు కాలేదు.

ఆ తరువాత సిసిలీ వ్యవహారం వచ్చిపడింది. సిసిలీ రాజ్యాన్ని తన చిన్నకొడుకు ఎడ్మండ్‌కు ఇప్పించుకోవాలని హెన్రీ ఆశపడి, అందుకోసం పోపుగారి ఖజానాకు 1,35,541 మార్కుల అప్పు తీర్చడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో అది ఒక రాజ్యం మోయలేని సొమ్ము. పైగా 1258లో పంటలు పోయి ఇంగ్లండులో కరువు. రాజు సవతి సోదరులు ఆస్థానంలో చేరి పెత్తనం చేస్తున్నారు. ఆ ఏప్రిల్ 30న కొందరు ప్రభువులు కవచాలు తొడుక్కుని రాజు మందిరానికి వచ్చారు. కత్తులను మాత్రం గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్ళారు. నేను మీకు ఖైదీనా అని రాజు అడిగాడట. కాదన్నారు. కాని ఆయన వారు కోరిన ప్రమాణం చేశాడు. ఆ జూనులో ఆక్స్‌ఫర్డ్ సభలో కొత్త ఏర్పాట్లు జరిగాయి: పదిహేను మంది మండలి సలహా ప్రకారం రాజు పాలించాలి, ఏటా మూడుసార్లు పార్లమెంటు కూడాలి. రాజు, ఆయన కుమారుడు ఎడ్వర్డ్, ప్రభువులు అందరూ దేవుని పేర ఒట్టు వేశారు.

గుమ్మం దగ్గర వదిలిన ఆ కత్తుల గురించి ఒక్క క్షణం ఆలోచించండి. వాటిని బయట వదిలారు కాబట్టి బలవంతం లేదనవచ్చా? లోపలున్న మనిషికి బయట కత్తులున్నాయని తెలుసు. మన పంచాయితీల్లో కూడా కర్ర ఎత్తేవాడు అరుదు. గోడకు ఆనించి పెడతారంతే.

మూడేండ్లు గడిచాక రాజు నాల్గవ అలెగ్జాండర్ పోపుగారిని ఆశ్రయించాడు. ఆ ప్రమాణం భయపెట్టి చేయించినదని, పట్టాభిషేకం నాటి తన ప్రమాణానికి విరుద్ధమైనదని మనవి చేసుకున్నాడు. 1261లో పోపుగారు ఆయనను ఆ ప్రమాణం నుండి విడిపించారు. తరువాతి పోపు నాల్గవ అర్బన్ కూడా దానిని ధ్రువపరిచారు. ప్రమాణాల నుండి విడుదల ఇచ్చే అధికారం శ్రీసభకు ఎక్కడిదని మన ఇతర సంఘాల సోదరులు అడుగుతుంటారు. ప్రమాణంలో దేవుడు సాక్షి. ఆ సాక్ష్యం వలన కలిగే బాధ్యతను, తగిన కారణముంటే, కట్టడానికీ విప్పడానికీ క్రీస్తునాధుడు శ్రీసభకు అధికారమిచ్చారని మన బోధ. ఇందులో కొత్త లేదు. కాని నిజం చెప్పుకోవాలంటే, ఆ విడుదలలో రోమాపురికి స్వంత ఆసక్తి లేకపోలేదు. రాజు చేతులు కట్టివేస్తే సిసిలీ సొమ్ము రాదు. కారణం న్యాయమైనదే కావచ్చు. అయినా బాకీదారుడిని ఋణదాత విడిపించినట్టు లోకానికి కనబడింది, ఆ అనుమానాన్ని తప్పు పట్టలేము.

ఇప్పుడు రెండవ మనిషి దగ్గరకు వద్దాం. సైమన్ డి మాంట్‌ఫోర్ట్ ఫ్రెంచి దేశస్థుడు. ఇరవై దాటిన వయసులో ఇంగ్లండుకు వచ్చి, తాతల నాటి హక్కు చూపి లెస్టర్ ప్రభుత్వం సంపాదించుకున్నాడు. లింకన్ మేత్రాణులు రాబర్ట్ గ్రోస్‌టెస్ట్, ఫ్రాన్సిస్కను గురువు ఆడమ్ మార్ష్ వంటి గొప్పవారు ఆయన స్నేహితులు. రాత్రులు లేచి జపం చేసుకునేవాడనీ, వంటికి గోనె వంటి ముతక చొక్కా తొడిగేవాడనీ చెబుతారు. ఆక్స్‌ఫర్డ్ ప్రమాణం నుండి ఎందరో ప్రభువులు ఒక్కొక్కరుగా జారిపోతున్నా తాను మాత్రం జారనన్నవాడు ఆయనే. ఒట్టు వేశాను, చచ్చినా నిలబెట్టుకుంటాను అనేది ఆయన పంతం. మనకు సహజంగానే ఇటువంటి వారంటే మనసు పోతుంది.

అయితే ఆయన ఇంట్లోనే ఒక పాత ఒట్టు ఉంది. ఆయన భార్య ఎలినోర్ సాక్షాత్తు రాజుగారి చెల్లెలు. పదహారేండ్లకే మొదటి భర్త చనిపోగా, కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి ఎడ్మండ్ గారి ఎదుట ఇక వివాహమాడనని, కన్యావ్రతం వంటి వ్రతం పడతానని మాట ఇచ్చింది. ఈ ఎడ్మండ్ గారు తరువాత పునీతులయ్యారు. 1238 జనవరిలో రాజు సమ్మతితోనే సైమన్ ఆమెను రహస్యంగా వివాహమాడాడు. నలుగురికీ తెలిసి గొడవ పుట్టాక రోమాపురికి ప్రయాణమై వెళ్ళి, ఆ వివాహానికి అనుమతి తెచ్చుకున్నాడు. అంటే దేవుని ఎదుట చేసిన మాట నుండి విడుదల అడగడానికి ఆ దారిన ముందు నడిచినవాడు సైమనే. ఇరవై మూడేండ్ల తరువాత హెన్రీ అదే దారిన మనిషిని పంపితే అది అన్యాయమని సైమన్‌కు తోచింది. ఇది ఎత్తిపొడుపు కోసం చెప్పడం లేదు. ఇతరుల విడుదల మనకు సాకుగానూ, మన విడుదల మనకు కృపగానూ కనబడటం మనుష్య స్వభావం.

భార్యకు రావలసిన భరణం సొమ్ము రాజు సరిగా ఇవ్వలేదన్న కోపం కూడా సైమన్ మనసులో చివరిదాకా ఉంది. 1259లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల మధ్య సంధి కుదిరే వేళ, ఆ లెక్క తేలేదాకా తమ హక్కులు వదలమని భార్యాభర్తలు పట్టుబట్టి, రెండు రాజ్యాల సంధిని కొంతకాలం ఆపించారు. దేశం కోసం పోరాడిన మనిషే, ఇంటి లెక్క కోసం దేశాన్ని ఆపిన మనిషి కూడా.

1263 చివరలో ఇరుపక్షాల వారూ ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ గారిని మధ్యవర్తిగా ఒప్పుకున్నారు. ఈయనే మనం కొలిచే పునీత లూయీ. ఆయన ఏ తీర్పు చెప్పినా శిరసావహిస్తామని రెండు పక్షాలూ సువార్త గ్రంథం మీద ప్రమాణం చేశాయి. 1264 జనవరిలో ఆమియా పట్టణంలో ఆయన తీర్పు చెప్పారు: ఆక్స్‌ఫర్డ్ ఏర్పాట్లు చెల్లవు, రాజు తనకు ఇష్టమైనవారిని మంత్రులుగా పెట్టుకోవచ్చు. సైమన్ పక్షం ఆ తీర్పును తోసిపుచ్చింది. ఒక ప్రమాణం కోసం మరొక ప్రమాణాన్ని తప్పింది. హక్కుల పత్రం చెల్లుతుందని ఆ తీర్పే అంటోంది, ఆ హక్కులను కాపాడే ఏర్పాట్లను ఎలా కొట్టివేస్తారని వారి వాదన. వాదనలో పస ఉంది. కాని తీర్పు వినకముందు ఒప్పుకుని, విన్నాక వాదన వెదకడం ఎలాంటిదో కోర్టు మెట్లెక్కిన వారెవరికైనా తెలుసు.

మే 14న లూయెస్ అనే చోట యుద్ధం జరిగింది. వుస్టర్ మేత్రాణులు వాల్టర్ కాంటిలూప్ గారు సైమన్ సైనికులకు పాపవిమోచనం ఇచ్చారు. వారు వస్త్రాల మీద తెల్లని సిలువ గుర్తులు కుట్టుకున్నారు. సైమన్ గెలిచాడు. రాజు బందీ అయ్యాడు. యువరాజు ఎడ్వర్డ్ తాకట్టు మనిషిగా సైమన్ చేతికి వచ్చాడు. 1265 జనవరిలో సైమన్ కూర్చిన పార్లమెంటుకు ప్రతి జిల్లా నుండి ఇద్దరు యోధులతో పాటు, కొన్ని పట్టణాల నుండి ఇద్దరేసి సామాన్య పురప్రముఖులు కూడా పిలుపందుకున్నారు. అంతకు ముందు ఇలాంటి సభకు పట్టణవాసులను ఈ విధంగా పిలిచింది లేదు. చరిత్ర ఆయనకు పెట్టిన దండ ఇది. అర్హమైన దండే.

దండ కింద ఉన్నది కూడా చూడాలి. అధికారంలోకి వచ్చిన ఏడాదిలోనే ఆయన కొడుకులు కోటలు, భూములు పోగు చేసుకున్నారు. రాజు సవతి సోదరులను ఏమని తిట్టారో అదే పని వీరూ చేశారు. ఇంకా ఘోరమైనది యూదుల సంగతి. సైమన్ తన తొలినాళ్ళలో, 1231 ప్రాంతంలో, లెస్టర్ పట్టణం నుండి యూదులను వెళ్ళగొట్టి, అది తన ఆత్మకు, తన పూర్వికుల ఆత్మలకు మేలు చేసే పుణ్యమని పత్రంలో వ్రాయించాడు. 1264 వసంతంలో ఆయన పక్షం వారు లండనులో యూదుల ఇండ్ల మీద పడి వందల మందిని చంపారు. దోపిడీలో వాటా సైమన్‌కు చేరిందని ఆ కాలపు చరిత్రకారుడొకరు వ్రాశారు. స్వాతంత్ర్యం కోసం తెల్లని సిలువ కుట్టుకున్న సైన్యం అదే, ఈ రక్తం పూసుకున్నదీ అదే. వారి అప్పు పత్రాలు చింపినందుకు ఎందరో ప్రభువులు సంతోషించారు కూడా. క్రీస్తునాధుని సొంత జనం మీద సిలువ పేర చేసిన ఈ పనికి ఆనాడు నోరెత్తిన మేత్రాణులెవరూ మనకు కనబడరు. ఈ ఒక్క విషయం చాలు, సైమన్‌ను పునీతుడనడానికి నా నోరు రాదు.

1265 మార్చిలో వెస్ట్‌మినిస్టర్ మందిరంలో రాజు, ఎడ్వర్డ్ మళ్ళీ ప్రమాణం చేశారు, కొత్త ఏర్పాట్లకు కట్టుబడతామని. ఈసారి కత్తులు గుమ్మం దగ్గర కూడా లేవు, చుట్టూరా ఉన్నాయి. మే 28న హెర్‌ఫర్డ్ దగ్గర ఎడ్వర్డ్ గుర్రాలను పరీక్షిస్తానని చెప్పి, కావలివారి ఎదుటే ఒక్కొక్క గుర్రాన్ని అలసిపోయేదాకా దౌడు తీయించి, అలసట లేని గుర్రాన్ని చివరకు మిగుల్చుకుని, దాని మీద పారిపోయాడు. సైమన్ మీద అలిగి దూరమైన గ్లాస్టర్ ప్రభువు గిల్బర్ట్ డి క్లేర్ ఆయనను కలుసుకున్నాడు. గిల్బర్ట్ కూడా ఊరికే చేరలేదు. పాత మంచి చట్టాలు నిలబెడతానని ఎడ్వర్డ్ చేత ఒట్టు వేయించుకుని మరీ చేరాడు. నిన్నటి ఒట్టును తప్పిన మనిషి చేతనే ఇవాళ ఇంకో ఒట్టు! చదువుతుంటే నవ్వు వస్తుంది, కాని ఆనాడు వారికి అంతకంటే గట్టి తాడు తెలియదు.

ఈవ్‌షామ్‌కు మూడు వైపులా ఏవన్ నది చుట్టుకుని పారుతుంది. ఉత్తరాన ఒక్క వైపే గట్టునేల, అక్కడ ఒక చిన్న కొండ. సైమన్ తన సైన్యంతో, బందీగా ఉన్న రాజుతో ఆ పట్టణానికి చేరి, కెనిల్‌వర్త్ నుండి వస్తున్న కొడుకు కోసం ఎదురు చూస్తున్నాడు. కొడుకు సైన్యాన్ని ఎడ్వర్డ్ రెండు రోజుల ముందే నిద్రలో ఉండగా చెదరగొట్టాడని ఆయనకు తెలియదు. ఉదయాన దూరంగా జెండాలు కనబడ్డాయి. సైమన్ మంగలి నికొలాసు చూపు మంచివాడు, మఠం గోపురమెక్కి చూసి, మన కొడుకుగారి జెండాలే అన్నాడు. కాసేపటికి ఆ జెండాల వెనుక ఎడ్వర్డ్ గుర్తులు, గిల్బర్ట్ గుర్తులు కనబడ్డాయి. పట్టుబడిన జెండాలను ముందు పట్టుకుని వచ్చారన్నమాట. ఇక మన ఆత్మలను దేవునికి అప్పగించుకుందాం, మన శరీరాలు వారివైపోయాయి అన్న అర్థంలో సైమన్ మాట్లాడాడని చెబుతారు. ముసలివారైన వాల్టర్ మేత్రాణులు వారిని ఆశీర్వదించారు. పారిపొమ్మని కొందరు చెప్పినా సైమన్ వెళ్ళలేదు.

ఉరుములు, మెరుపులు, చీకటి. కొండ మీద నుండి ఎడ్వర్డ్ సైన్యం దిగింది. అది చాలా పెద్దది. అంతకు ముందు రెండు వందల ఏండ్లుగా ఇంగ్లండులో ఒక ఆచారం ఉండేది: పెద్దింటి యోధుడు లొంగిపోతే చంపరు, విడుదల సొమ్ము తీసుకుని వదులుతారు. ఆ రోజు ఆ ఆచారం పాటించలేదు. సైమన్‌ను చంపడానికి ముందే మనుషులను ఏర్పరిచారు. ఆయన, ఆయన పెద్దకొడుకు, ముప్పైకి పైగా యోధులు చనిపోయారు. వేల్సు నుండి వచ్చిన పేరు లేని కాలిబంట్లు ఎందరు పోయారో లెక్క వేసినవారు లేరు. మఠం దేవాలయంలోకి పరుగెత్తి దాక్కున్నవారిని కూడా వదలలేదు. ఆ కాలపు వారే దానిని యుద్ధమనడానికి వెనుకాడి, ఊచకోత అన్నారు. రాజుగారి సంగతి మరీ విచిత్రం. సైమన్ సైన్యం నడుమ కవచం తొడిగించి నిలబెట్టిన హెన్రీ తన సొంత పక్షం వారి చేతనే భుజం మీద గాయపడి, నేను మీ రాజు హెన్రీని, నన్ను చంపకండి అని అరవవలసి వచ్చింది. సైమన్ దేహాన్ని ముక్కలు చేశారు. తలను రోజర్ మోర్టిమర్ ఇంటికి, ఆయన భార్యకు కానుకగా పంపారు. మిగిలినదానిని మఠవాసులు ఏరుకుని దేవాలయ పీఠం ఎదుట పాతిపెట్టారు. ఆ కవచం కింద ముతక చొక్కా కనబడిందని చెబుతారు.

కొన్నాళ్ళలోనే జనం ఆ సమాధికి రాసాగారు. కుంటివారు, జ్వరపీడితులు, పిల్లలనెత్తుకున్న తల్లులు. మఠవాసులు దాదాపు 200 అద్భుతాలను వ్రాసి ఉంచారు. రాజు పక్షానికి ఇది నచ్చుతుందా? సైమన్ వెలిలో ఉండగా చనిపోయాడు. 1266 అక్టోబరులో కెనిల్‌వర్త్ నిర్ణయం వెలువడినప్పుడు, ఆయనను పునీతుడని గాని నీతిమంతుడని గాని అనకూడదు, ఆ అద్భుతాల మాట ఎత్తకూడదు అని అందులో ప్రత్యేకంగా చేర్పించారు. ఒక చచ్చిన మనిషి గురించి నోరు మూయమని చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ నోళ్ళు ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి.

ప్రియ చదువరులారా, తీర్పు చెప్పిన లూయీ రాజు 1297లో పునీతులుగా ప్రకటింపబడ్డారని మనకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఆమియాలో ఆ రాజు ఎదుట సామంతుల పక్షాన వాదించినవారిలో ఒకరు, సైమన్ గెలిచాక 1265లో ఆయన ప్రభుత్వంలో ముఖ్యమంత్రి పదవి వంటి చాన్సలరు పదవి చేసినవారు, వాల్టర్ మేత్రాణుల అన్న కొడుకైన తోమాసు కాంటిలూప్ గురువులు. ఈవ్‌షామ్ తరువాత పదవి పోయింది. పారిసు వెళ్ళి వేదశాస్త్రం బోధించారు. తిరిగి వచ్చి హెర్‌ఫర్డ్ మేత్రాణులయ్యారు. ఎడ్వర్డ్ రాజయ్యాక ఆయనకే సలహాదారుగా పనిచేశారు. 1320లో శ్రీసభ ఈయననూ పునీతులుగా ప్రకటించింది. తీర్పు చెప్పినవారూ పునీతులే, ఆ తీర్పులో ఓడినవారూ పునీతులే. ఏ పక్షాన పునీతులుంటే ఆ పక్షమే దేవునిది అని తేల్చుకునే సులువైన దారి ఇక్కడ మూసుకుపోయింది.

ఆ రోజుల్లోనే ఇటలీలో పునీత తోమాసు అక్వీనాసు తన మహా గ్రంథం వ్రాస్తున్నారు. అందులో ఒట్లను గురించిన భాగంలో మన ప్రశ్నను ఆయన నేరుగా ఎత్తుకున్నారు. బలవంతపు ఒట్టులో రెండు కట్లున్నాయంటారు. ఒకటి మనిషికి కట్టినది. బలవంతం చేసినవాడికి దాని మీద హక్కు లేదు, అతడికి ఇచ్చిన దానిని తిరిగి అడగవచ్చు కూడా. రెండవది దేవునికి కట్టినది. అది మనస్సాక్షిలో నిలిచే ఉంటుంది. నష్టం వచ్చినా దేవుని పేరును వమ్ము చేయరాదు, శ్రీసభ విప్పితే తప్ప. ఈ లెక్కన హెన్రీకి రెండు కట్లూ పోయాయి. కత్తులు వదిలి వచ్చిన ప్రభువులకు ఆయన బాకీ లేడు, దేవుని ఎదుట పోపుగారు విడిపించారు. వాదం ముగిసినట్టే కదా.

నాకు ముగిసినట్టు తోచదు. ఆక్స్‌ఫర్డ్ మందిరంలో లేనివారి మాటేమిటి? ఆ ఏర్పాట్లు వచ్చిన తొలి రెండేండ్లలో హ్యూ బిగాడ్ అనే న్యాయాధికారి జిల్లాలు తిరిగి పేదల ఫిర్యాదులు విన్నాడు. రాజు మనుషుల మీదనే కాదు, ప్రభువుల గుమాస్తాల మీద కూడా విన్నాడు. అప్పట్లో ఊళ్ళో ఎవరైనా చెట్టు మీద నుండి పడో, నీళ్ళలో మునిగో చనిపోయినా, హత్య జరిగిందని ఊరంతటి మీద జరిమానా వేసే పద్ధతి ఉండేది. 1259లో దానిని ఆపమన్నారు. ఆ ఊళ్ళవాళ్ళు రాజు మెడ మీద కత్తి పెట్టలేదు. వారికి జరగవలసిన న్యాయం రాజు ఒట్టు వేసినందువల్ల పుట్టినది కాదు, వేయకపోయినా ఆయన చేయవలసినదే. పోపుగారు విప్పింది ఒట్టును. ఒట్టు కిందనున్న బాధ్యతను విప్పే అధికారం ఏ పోపూ అడగలేదు, ఏ పోపుకూ లేదు. హెన్రీ ఆ రెంటినీ ఒకటే మూటగా కట్టి అవతల పారేశాడు. సైమన్ కూడా అదే మూటను, విప్పి చూడకుండా, గుండెకు కట్టుకున్నాడు. పదిహేను మంది మండలి అనే ఏర్పాటే న్యాయమని, దానిని విడిస్తే దేవుని విడిచినట్టేనని నమ్మాడు. ఆ నమ్మకంతో కొడుకుల కోటల వైపు, లండనులోని యూదుల వీధుల వైపు చూడవలసిన కళ్ళు మూసుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకుంటున్నవాడికి అది పెద్ద ప్రమాదం. ఒక్క మాట మీద నిలబడ్డాను గదా అన్న ధీమా మిగిలిన లెక్కలన్నీ కొట్టివేసినట్టు అనిపిస్తుంది.

1267లో మార్ల్‌బరోలో రాజే, గెలిచినవారే, 1259 నాటి ఆ సంస్కరణల్లో చాలావాటిని తిరిగి చట్టం చేశారు. ఊరి జరిమానా కూడా పోయింది. ఎవరి ఒట్టూ అక్కర లేకపోయింది. మరి రెండేండ్ల ముందు ఈవ్‌షామ్ బురదలో ఆ వేల్సు కుర్రాళ్ళు దేనికి చచ్చినట్టు? మండలిలో ఎవరెవరు కూర్చోవాలన్న దానికా? ఈ ప్రశ్నకు రాజు పక్షం దగ్గరా జవాబు లేదు, సైమన్ పక్షం దగ్గరా లేదు.

పగ మాత్రం అక్కడితో ఆగలేదు. 1271 మార్చిలో ఇటలీలోని విటెర్బో పట్టణంలో, రాజు అన్నదమ్ముల బిడ్డ హెన్రీ ఒక దేవాలయంలో దివ్యబలిపూజలో ఉండగా, సైమన్ కొడుకులు గయ్, చిన్న సైమన్ లోపలికి చొరబడి, పీఠాన్ని పట్టుకున్న అతడిని నరికి చంపారు. ఈ హెన్రీ ఈవ్‌షామ్ యుద్ధంలో లేనే లేడు. కవి డాంటే తన కావ్యంలో గయ్‌ను నరకంలో, మరుగుతున్న రక్తపుటేరులో నిలబెట్టాడు. తండ్రి గుండెకు కట్టుకున్న మూటలోంచి కొడుకుల చేతికి వచ్చింది అది.

ఇక ఎలినోర్. భర్త, పెద్దకొడుకు పోయిన వార్త వచ్చేనాటికి ఆమె డోవర్ కోటను పట్టుకుని ఉంది. ఆ శరత్కాలంలో కోటను మేనల్లుడు ఎడ్వర్డ్‌కు అప్పగించి, చంటిది కాని ఒక్క కూతురితో సముద్రం దాటింది. ఫ్రాన్సులో మోంటార్జి అనే చోట, భర్త తోబుట్టువు స్థాపించిన దొమినికను కన్యస్త్రీల మఠానికి చేరింది. పదహారేండ్ల వయసులో పునీత ఎడ్మండ్ గారి చేతుల్లో పెట్టి, ఆ తరువాత రోమాపురి నుండి విడిపించుకున్న మాట ఒకటి ఆమెకు ఉంది గదా. అరవై నిండకుండానే 1275లో చనిపోయేదాకా ఆమె ఆ కన్యస్త్రీల మధ్యనే, వారి గంటకు లేచి, వారి గంటకు పడుకుంటూ ఉండిపోయింది.